ఆరు సెంటీమీటర్ల సిస్ట్, ఒకటిన్నర సెంటీమీటర్ల మచ్చ: ఒకే లివర్‌లో దేనికి భయపడాలి?

పేషెంట్ వయసు 57. అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు పల్లె. ఇంట్లో గొర్రెల మంద ఉంది, మంద వెంట తిరిగే కుక్కలు రెండు. ఆరేళ్ళుగా షుగర్. మెట్‌ఫార్మిన్ మాత్రలు ఉన్నన్నాళ్ళు వేసుకుంటారు, అయిపోతే మళ్ళీ టౌనులో పని పడినప్పుడు కొంటారు. తొమ్మిదేళ్ళ కిందట గర్భసంచి తీసేశారు. మందు, పొగాకు అలవాటు లేదు. బరువు 71 కిలోలు, ఎత్తు 152 సెంటీమీటర్లు. ఆమె, ఆమె కొడుకు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

బాధ రెండు నెలలనాటిది. పొట్ట పైభాగంలో, బొడ్డుకు రొమ్ముకు మధ్య మంట. పరగడుపున ఎక్కువ. రెండు ముద్దలు తింటే సర్దుకుంటుంది, అర్ధరాత్రి మళ్ళీ నిద్ర లేపుతుంది. దగ్గర్లోని క్లినిక్‌లో కడుపు స్కానింగ్ రాశారు. రిపోర్టు చేతికొచ్చాక ఆ మంట సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయారు.

రిపోర్టులో ఉన్నవి ఇవీ. లివర్ కాస్త పెద్దది, గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్. కుడి లోబ్, సెగ్మెంట్ 7లో (సెగ్మెంట్ అంటే లివర్‌లో ఒక భాగం) 6.2 × 5.4 సెం.మీ. సిస్ట్, అంటే నీటిసంచి; హైడాటిడ్, అంటే బద్దెపురుగు వల్ల వచ్చే సిస్ట్, అవునో కాదో తేల్చుకోవాలి, సీటీ చేయించాలి. సెగ్మెంట్ 4లో 1.6 సెం.మీ. తెల్లటి మచ్చ, హిమాంజియోమా (రక్తనాళాల ముద్ద) కావచ్చు. గాల్‌బ్లాడర్‌లో 4 మి.మీ. పాలిప్, అంటే లోపలి గోడ మీద బుడిపె. కుడి కిడ్నీలో 2.3 సెం.మీ. సింపుల్ సిస్ట్. మంటకు కారణం చెప్పే మాట ఇందులో ఒక్కటీ లేదు. చెప్పకపోవడం స్కాన్ తప్పు కాదు. జీర్ణాశయం లోపలి పొర అల్ట్రాసౌండ్‌లో సరిగా కనపడదు.

"గడ్డ ఆరు సెంటీమీటర్లు ఉందంట సార్. ఆపరేషన్ చేయకపోతే పగిలిపోయి ఒళ్ళంతా విషమైతాదని చెప్పినారు," అన్నాడు కొడుకు. బెంగళూరులో క్యాబ్ నడుపుతాడు. రిపోర్టు ఫొటో ఫోన్లో చూసి రాత్రికి రాత్రే బయల్దేరి వచ్చాడు. చేతిలో సీటీ స్కాన్ చీటీ, ఆపరేషన్ ఖర్చు రాసిచ్చిన కాగితం. ఆమె అడిగింది మాత్రం ఒకటే: "క్యాన్సరేనా నాయనా?"

ఆ కాగితం మీద ఉన్నవాటిలో పెద్ద అంకె సిస్ట్‌ది. అందుకే భయమంతా దాని చుట్టూ చేరింది. మా ఓపీలో ఇది దాదాపు రోజూ చూసేదే. లివర్‌లో ఏదైనా కనపడగానే మొదటి ప్రశ్న "ఎన్ని సెంటీమీటర్లు?" అని. నేను ముందు చూసేవి మాత్రం మూడు: దాని గోడ ఎలా ఉంది, లోపల ఏముంది, అది ఎలాంటి లివర్‌లో కూర్చుంది. ఈ కేసులో ఆ మూడో ప్రశ్నే అన్నిటినీ తారుమారు చేసింది. దాన్ని వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

సిస్ట్ గోడ

సీటీ చీటీ పక్కన పెట్టి, రేడియాలజిస్ట్ పక్కన కూర్చుని అల్ట్రాసౌండే మళ్ళీ చేయించాను. ఇది ఖర్చు తగ్గించడానికి ఎంచుకున్న దారి కాదు. నీళ్ళతో నిండిన సంచి లోపల సన్నటి పొరలు, అడ్డుగోడలు ఉన్నాయా లేదా అన్నది అల్ట్రాసౌండ్, ఎమ్మారై చెప్పినంత బాగా సీటీ చెప్పలేదు. లివర్ సిస్ట్‌ల మీద యూరోపియన్ లివర్ సంఘం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మొదటి పరీక్షగా అల్ట్రాసౌండ్‌నే చెబుతాయి, లోపల తేడాగా ఏదైనా ఉంటే ఎమ్మారైకి వెళ్ళమంటాయి.

సింపుల్ సిస్ట్ అనడానికి కొన్ని గుర్తులున్నాయి. లోపల పూర్తిగా నల్లగా, ఖాళీగా ఉండాలి. గోడ ఉందా లేదా అన్నంత సన్నగా ఉండాలి. అంచు నున్నగా ఉండాలి. శబ్ద తరంగాలు నీళ్ళలోంచి అడ్డు లేకుండా దూసుకుపోతాయి కాబట్టి సిస్ట్ వెనకభాగం చుట్టుపక్కల కంటే తెల్లగా మెరవాలి. అడ్డుగోడలు, కండ ముక్కలు, సున్నపు మచ్చలు ఉండకూడదు. ఈ గుర్తులన్నీ ఉంటే రెండు సెంటీమీటర్లయినా పన్నెండు సెంటీమీటర్లయినా అది సింపుల్ సిస్టే. పుట్టుకలోనే పైత్యనాళాల వ్యవస్థతో కలవకుండా విడిపోయిన చిన్న గొట్టంలో నీరు ఊరి, ఏళ్ళ తరబడి మెల్లగా ఉబ్బుతుంది. వయసు పెరిగేకొద్దీ ఎక్కువగా కనపడుతుంది, ఆడవాళ్ళలో మరీ ఎక్కువ. అది క్యాన్సర్‌గా మారుతుందని భయపడనక్కర్లేదు. బాధ పెట్టని సింపుల్ సిస్ట్‌కు మళ్ళీ మళ్ళీ స్కాన్లు కూడా అక్కర్లేదని ఆ మార్గదర్శకాలే చెబుతాయి.

పగిలిపోవడం గురించి. ఆ మాట వాళ్ళను నిద్రపోనివ్వలేదు. సింపుల్ సిస్ట్ తనంతట తను పగలడం చాలా చాలా అరుదు. పెద్ద సిస్ట్‌లో అప్పుడప్పుడూ లోపల రక్తం చిమ్మి, కుడి డొక్కలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి రావచ్చు. అది కూడా ఎక్కువమందిలో తగ్గిపోతుంది. సిస్ట్ మరీ పెద్దదై జీర్ణాశయాన్ని నొక్కితే కొంచెం తినగానే కడుపు నిండినట్టు ఉంటుంది, డొక్కలో బరువుగా ఉంటుంది. చికిత్స మాట వచ్చేది అప్పుడే. లాప్రోస్కోపీతో పైకప్పు కోసేసి వదిలేస్తారు, లేదా సూదితో నీళ్ళు లాగి లోపలి పొరను మాడ్చే మందు ఎక్కిస్తారు. ఉత్తినే నీళ్ళు లాగి ఊరుకుంటే మళ్ళీ నిండుతుంది.

ఈమె సిస్ట్ సెగ్మెంట్ 7లో, లివర్ వెనక కుడివైపు పైమూల ఉంది. మంట ఉన్నదేమో మధ్యలో, తింటే తగ్గే మంట. రెండింటికీ పొత్తు లేదు.

గొర్రెలున్న ఇల్లు

మొదటి రిపోర్టు రాసిన రేడియాలజిస్ట్ హైడాటిడ్ అన్న మాట రాయడం సరైనదే. రాయలసీమలో గొర్రెలు కాసే ఇంటి మనిషి లివర్‌లో సిస్ట్ కనపడితే ఆ అనుమానం రాకపోతేనే తప్పు. ఇది ఎకినోకాకస్ అనే బద్దెపురుగు వల్ల వచ్చే జబ్బు. పురుగు కుక్క పేగుల్లో ఉంటుంది, దాని గుడ్లు కుక్క మలంలో బయటపడతాయి. గడ్డితోపాటు అవి గొర్రె కడుపులోకి వెళ్ళి లివర్‌లో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులవుతాయి. గొర్రెను కోసినప్పుడు ఆ లివరు, ఊపిరితిత్తులు పచ్చివే కుక్కలకు పడేస్తే పురుగు మళ్ళీ కుక్కకు చేరుతుంది. ఈ తిరుగుడులో మనిషి అనుకోకుండా ఇరుక్కుంటాడు: కుక్కను నిమిరిన చెయ్యి, సరిగా కడగని ఆకుకూర, గుడ్లు కలిసిన నీళ్ళు. పేగు గోడ దాటిన పిల్లపురుగు రక్తంతో ముందు లివర్‌కు వస్తుంది. అందుకే సుమారు 70 శాతం సిస్ట్‌లు లివర్‌లోనే ఉంటాయి.

హైడాటిడ్ సిస్ట్‌కు స్కాన్‌లో దశలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2003లో వాటిని ఐదుగా విభజించింది. మొదటి దశలో ఒకటే గది, కానీ గోడ జంట గీతలా కనపడుతుంది. రెండో దశలో పెద్ద సిస్ట్ లోపల పిల్ల సిస్ట్‌లు. మూడులో లోపలి పొర ఊడి నీళ్ళలో తేలుతుంది, లేదా గట్టిపడుతున్న ముద్ద మధ్య పిల్ల సిస్ట్‌లు మిగులుతాయి. నాలుగు, ఐదు దశల్లో పురుగు చచ్చి, ముద్దగా గట్టిపడి, గోడకు సున్నం పడుతుంది. చికిత్స కూడా దశను బట్టే. చిన్న ఒంటిగది సిస్ట్‌కు ఆల్బెండజోల్ మాత్రలు చాలు. పెద్దదైతే మాత్రలతోపాటు సూది పద్ధతి. పిల్ల సిస్ట్‌లు నిండి ఉంటే తరచు ఆపరేషనే. చచ్చిన సిస్ట్‌ను ఏమీ చేయకుండా గమనిస్తాం.

కాబట్టి ఈమెలో చూడాల్సింది మొదటి దశ గుర్తులు. చిక్కు ఇక్కడే ఉంది, లేత హైడాటిడ్ సిస్ట్ కూడా సింపుల్ సిస్ట్‌లాగే నల్లగా, శుభ్రంగా కనపడవచ్చు. లివర్ లోతులో ఉన్న గోడను వీలైనంత దగ్గరగా పెంచి, చుట్టూ తిప్పి చూశాం. జంట గీత ఎక్కడా లేదు. తర్వాత ఆమెను ఎడమ పక్కకు తిరగమన్నాం, మళ్ళీ వెల్లకిలా, మళ్ళీ కుడికి. హైడాటిడ్ అయితే అడుగున పేరుకున్న సన్నటి ఇసుకలాంటి పదార్థం మనిషి తిరిగినప్పుడు, తేరుకున్న సున్నపు నీళ్ళను కదిపినట్టు, తెల్లగా లేచి మెల్లగా మళ్ళీ దిగుతుంది. తెర మీద కళ్ళు పెట్టి చాలాసేపు చూశాం. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. ఒక్క చుక్క తెలుపు లేవలేదు.

రక్తంలో హైడాటిడ్ యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ వచ్చింది. ఆ ఒక్క పరీక్షనే నమ్ముకుని నేను హైడాటిడ్‌ను తోసిపుచ్చను. గోడ చెక్కుచెదరని సిస్ట్ ఉన్నవాళ్ళలో కొందరికి అది నెగెటివ్‌గానే ఉంటుంది. గోడ, లోపలి నీళ్ళు, రక్త పరీక్ష మూడూ ఒకే మాట చెబితేనే నమ్మకం. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన ప్రాంతంలో హైడాటిడ్ కాదని తేలకుండా లివర్ సిస్ట్‌లో "చూద్దాం ఏముందో" అని సూది గుచ్చడం ప్రమాదం. నీళ్ళు పొట్టలోకి కారితే ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ రావచ్చు, పురుగు పొట్టంతా చల్లుకుపోవచ్చు. హైడాటిడ్‌కు సూది పద్ధతి ఉంది, కానీ ముందే ఆల్బెండజోల్ మొదలుపెట్టి, ఎలర్జీ వస్తే ఎదుర్కొనే ఏర్పాట్లన్నీ చేసుకుని, అనుభవమున్న చేతులు చేసే పని అది.

పాత కాగితం

"అమ్మా, గర్భసంచి ఆపరేషన్‌కు ముందు కడుపు స్కానింగ్ చేసినారా?" అని అడిగాను. చేశారు. కాగితాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. కొడుకు ఇంటికి ఫోన్ చేసి, భార్యతో పెట్టె తీయించి, రిపోర్టును వాట్సాప్‌లో తెప్పించాడు. ఫొటో పెద్దది చేసి చదివాం. కుడి లోబ్‌లో 5.6 × 5.0 సెం.మీ. సింపుల్ సిస్ట్. తొమ్మిదేళ్ళ కిందటి మాట. అప్పుడు గర్భసంచి మీదే అందరి దృష్టి, సిస్ట్ గురించి ఎవరూ ఈమెకు చెప్పనే లేదు.

తొమ్మిదేళ్ళలో ఆరు మిల్లీమీటర్ల తేడా. వేరువేరు మిషన్ల మీద, వేరువేరు చేతులు కొలిస్తే వచ్చే తేడా దాదాపు అంతే ఉంటుంది. గోడ మారలేదు, లోపల ఏమీ పుట్టలేదు. "ఇది తొమ్మిదేళ్ళుగా మీతోనే ఉందమ్మా, క్యాన్సర్ కాదు," అని చెప్పినప్పుడు ఆమె ముందు నమ్మలేదు, కొడుకు వైపు చూశారు. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

ఇలాంటి చోట పాత రిపోర్టును మించిన పరీక్ష లేదు. కొత్త సీటీ ఈ రోజు ఎలా ఉందో చెబుతుంది. తొమ్మిదేళ్ళ నడకను చెప్పగలిగింది పెట్టెలో ఉన్న ఆ కాగితమే. పేషెంట్లకు నేను గట్టిగా చెప్పే మాట ఇది: స్కాన్ రిపోర్టులు పారేయకండి, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

అదే కాగితంలో ఇంకో విషయం కనపడింది. సెగ్మెంట్ 4లో మచ్చ గురించి అందులో ఒక్క అక్షరం లేదు. అప్పుడు లేదా, ఉన్నా కనపడలేదా? పాత రిపోర్టు పెద్ద సిస్ట్ మీద భయం తీసేసి, చిన్న మచ్చ మీద ప్రశ్న పెట్టింది.

మంట సంగతి

దీన్ని త్వరగా చెప్పేస్తాను. హిమోగ్లోబిన్ 9.4 ఉంది, ఇనుము తక్కువ. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ బిళ్ళలు కొని నెలల తరబడి వేసుకుంటున్నారు, చాలాసార్లు పరగడుపునే. రక్తం తగ్గిన మనిషికి ఇలాంటి మంట ఉంటే మాత్రలిచ్చి పంపేయకూడదు. ఎండోస్కోపీ చేశాం. జీర్ణాశయం చివర పుండ్లు, హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి పరీక్ష పాజిటివ్. నొప్పి బిళ్ళలు ఆపించి, బిస్మత్ కలిపిన నాలుగు మందుల కోర్సు 14 రోజులు ఇచ్చాం, తర్వాత పుండు మానే మాత్ర, ఐరన్ మాత్రలు. మంట వారంలోనే తగ్గుముఖం పట్టింది. కోర్సు అయ్యాక నెల దాటనిచ్చి, యాసిడ్ తగ్గించే మాత్ర రెండు వారాలు ఆపి, మలపరీక్షతో క్రిమి పోయిందని రూఢి చేసుకున్నాం. సిస్ట్ ఆపరేషన్ చేయించుకుని ఉంటే ఆ ఖర్చు, ఆ కోత అయ్యాక కూడా ఈ మంట అలాగే ఉండేది.

ఎవరూ చదవని లైను

రిపోర్టులో మొదటి లైను ఫ్యాటీ లివర్. కొడుకును "ఇది చూశావా?" అంటే, "అది అందరికీ ఉంటాది కదా సార్," అన్నాడు. ఈ మాట డాక్టర్ల నోట కూడా వింటున్నాను. చాలామందికి ఉంటుంది, నిజమే. చాలామందిలో అది ముదరదు, అదీ నిజమే. ముదిరే కొద్దిమంది ఎవరో తెలియాలంటే మాత్రం వెతకాలి. ఫ్యాటీ లివర్ ఎంత మామూలైపోయిందంటే, కేంద్ర ప్రభుత్వం 2021లో దాన్ని షుగర్, గుండెజబ్బులు, క్యాన్సర్ల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

స్కాన్ రిపోర్టులో రాసే గ్రేడ్ కొవ్వు ఎంత ఉందో అంచనాగా చెబుతుంది. లివర్ నారలా మారి గట్టిపడిందా అన్నది, అంటే ఫైబ్రోసిస్ ఉందా అన్నది, ఆ గ్రేడ్ చెప్పదు. గ్రేడ్ 1 ఉన్న మనిషికి ముదిరిన ఫైబ్రోసిస్ ఉండొచ్చు, గ్రేడ్ 3 ఉన్నవాళ్ళకు అసలు లేకపోవచ్చు. అలా అని ఖరీదైన పరీక్షకు పరుగెత్తక్కర్లేదు. ముందు ఫిబ్-4 అనే లెక్క ఉంది. దానికి కావాల్సినవి వయసు, రక్తపరీక్షలో తెలిసే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్లు. వయసును ఏఎస్‌టీతో గుణించాలి; ఏఎల్‌టీ వర్గమూలాన్ని ప్లేట్‌లెట్లతో గుణించాలి; మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. కాగితం, ఫోన్లో కాలిక్యులేటర్ చాలు.

ఈమె ఏఎస్‌టీ 58, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు లక్షా 62 వేలు. లెక్కలో ప్లేట్‌లెట్లను వేలల్లో, అంటే 162గా వేస్తాం. 57ను 58తో గుణిస్తే 3306. 49 వర్గమూలం 7, దాన్ని 162తో గుణిస్తే 1134. ఫలితం 2.9. 1.3 కంటే తక్కువైతే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే ఎక్కువ. విడివిడిగా చూస్తే ఈ అంకెల్లో ఏదీ ఎవరినీ భయపెట్టదు. ఏఎస్‌టీ కొంచెం ఎక్కువ, ప్లేట్‌లెట్లు నార్మల్ గీత లోపలే. మూడూ వయసుతో కలిస్తేనే అర్థం బయటికొచ్చింది.

పరగడుపున ఫైబ్రోస్కాన్, అంటే లివర్ గట్టిదనాన్ని కొలిచే పరీక్ష, చేశాం: 13.1 కిలోపాస్కల్. 8 లోపు ఉంటే నిశ్చింత, 12 దాటితే ముదిరిన ఫైబ్రోసిస్ అని అనుమానించాలి. హెపటైటిస్ బి, సి లేవు. మూడు నెలల సగటు షుగర్, హెచ్‌బీఏ1సీ, 8.6. ఎండోస్కోపీలో అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు లేవు, అది ఊరట.

ఇప్పుడు ఆ 1.6 సెంటీమీటర్ల మచ్చ దగ్గరికి రావాలి. ఆరోగ్యమైన లివర్‌లో, క్యాన్సర్ చరిత్ర లేని మనిషిలో, 3 సెంటీమీటర్లలోపు తెల్లటి నున్నటి మచ్చ కనపడితే దాన్ని హిమాంజియోమా అనుకుని అక్కడితో ఆగవచ్చు. అది రక్తనాళాల ముద్ద. పెరిగి ప్రాణం తీసేది కాదు. ముదిరిన ఫైబ్రోసిస్ ఉన్న లివర్‌లో అదే మచ్చకు ఆ వెసులుబాటు లేదు. లివర్ క్యాన్సర్ మొదట్లో అచ్చం అలాగే కనపడవచ్చు. మచ్చ మారలేదు, దాని సైజు మారలేదు, రిపోర్టులో అక్షరం మారలేదు. అది కూర్చున్న చోటు గురించి మనకు తెలిసింది మారింది. ఆరు సెంటీమీటర్ల సిస్ట్‌ను వదిలేసి ఒకటిన్నర సెంటీమీటర్ల మచ్చ వెంట పడటం కొడుక్కు వింతగా తోచింది. "చిన్నదే కదా సార్?" అన్నాడు. చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటేనే లాభమని, క్యాన్సర్ అయితే ఈ సైజులో నయం చేయగలమని చెప్పాను. లివర్ క్యాన్సర్‌లో పెరిగే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష నార్మల్‌గా వచ్చింది. చిన్న క్యాన్సర్లలో అది నార్మల్‌గానే ఉండొచ్చు కాబట్టి అక్కడ ఆగలేదు.

ఎమ్మారై ఖర్చు ఆ కుటుంబానికి తక్కువేమీ కాదు. అయినా రాయాల్సిందే అనిపించింది. మొదట రాసిన సీటీ చీటీ పెద్ద సిస్ట్ కోసం, ఆ అవసరం లేదు. ఇప్పుడు ప్రశ్న వేరు, దానికి కాంట్రాస్ట్ (చిత్రంలో తేడాలు బాగా కనపడేలా రక్తనాళంలోకి ఎక్కించే మందు) ఎక్కించి తీసే ఎమ్మారై కావాలి. కిడ్నీల పనితీరు బాగుందని చూసుకుని చేయించాం.

కాంట్రాస్ట్ ఎక్కించిన మొదటి క్షణాల్లో మచ్చ అంచు చుట్టూ అక్కడక్కడా తెల్లటి చుక్కలు వెలిగాయి. తర్వాతి చిత్రాల్లో ఆ తెలుపు మెల్లగా మధ్యకు నిండుకుంటూ వచ్చింది, ఆలస్యంగా తీసిన చిత్రాల్లో కూడా నిలిచి ఉంది. హిమాంజియోమా నడక ఇది. క్యాన్సర్ అయితే ముందే గబుక్కున వెలిగి, తర్వాత చుట్టుపక్కల లివర్ కంటే నల్లబడుతుంది. పెద్ద సిస్ట్‌లో అడ్డుగోడలు, కాంట్రాస్ట్ పట్టే కండ ఏమీ లేవని అదే ఎమ్మారై ఇంకోసారి చెప్పింది. మధ్యవయసు ఆడవాళ్ళలో అడ్డుగోడలతో వచ్చే, కోసి తీసేయాల్సిన సిస్ట్ గడ్డలు అరుదుగా ఉంటాయి. ఆ అనుమానం కూడా తీరింది.

మిగతా లైన్లు

కిడ్నీ సిస్ట్ సింపుల్‌ది. గోడ సన్నగా, లోపల శుభ్రంగా ఉంది. ఏమీ చేయక్కర్లేదు, చూస్తూ ఉండనక్కరా లేదు.

గాల్‌బ్లాడర్ పాలిప్ దగ్గర మాత్రం మిల్లీమీటర్లు లెక్కే. చిన్న పాలిప్‌లు ఎక్కువభాగం గోడకు అంటుకున్న కొలెస్ట్రాల్. 10 మి.మీ. చేరితే గాల్‌బ్లాడర్ తీసేయమంటాం. 6 నుంచి 9 మధ్య ఉంటే 60 దాటిన వయసు, అడుగు వెడల్పుగా గోడకు అతుక్కున్న పాలిప్ లాంటివి ఉన్నాయేమో చూసి నిర్ణయిస్తాం. 2022 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు ఆసియా వాళ్ళు కావడాన్ని కూడా ఆ జాబితాలో పెట్టాయి. అందుకే 4 మిల్లీమీటర్లే అయినా ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్ళకు స్కాన్‌లో చూస్తామని రాశాను. లివర్ కోసం ఎలాగూ స్కాన్లు ఉన్నాయి, అదే బల్ల మీద ఇదీ అయిపోతుంది.

అనుకోకుండా కనపడినవన్నీ వదిలేయదగ్గవి అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. పాంక్రియాస్‌లో సిస్ట్ ఉందంటే చిన్నదైనా స్పెషలిస్ట్ చూడాలి. లివర్ సిస్ట్‌కు చెప్పిన ధైర్యం దానికి చెప్పలేం. అడ్రినల్ గ్రంథిలో ముద్ద కనపడితే కాంట్రాస్ట్ లేని సీటీలో దాని సాంద్రత చూడాలి, హార్మోన్ పరీక్షలు చేయాలి. పొట్టలోని పెద్ద రక్తనాళం అయోర్టా 3 సెం.మీ. దాటితే ఉబ్బిందని అర్థం, అక్కడ ప్రతి మిల్లీమీటరూ రాసి పెట్టుకోవాల్సిందే. లివర్‌లోనే పదికి మించి సిస్ట్‌లుంటే కిడ్నీల్లో కూడా చూడాలి, ఇంట్లో ఇంకెవరికైనా కిడ్నీ సిస్ట్‌లు ఉన్నాయేమో అడగాలి.

ఏడాదిలో

అసలు చికిత్స ఫ్యాటీ లివర్‌కే. మెట్‌ఫార్మిన్ క్రమం తప్పకుండా, దాంతో షుగర్‌కే ఎస్‌జీఎల్‌టీ-2 రకం మాత్ర ఒకటి. బరువు పది శాతం తగ్గగలిగితే ఫైబ్రోసిస్ కూడా వెనక్కి తగ్గే అవకాశం ఉంది. ఏడు శాతం తగ్గినా లివర్‌లో వాపు తగ్గుతుంది. డైట్ చార్టు ప్రింటు తీసి ఇస్తే ఆ ఇంట్లో పనికిరాదు. కోడలిని కూర్చోబెట్టుకుని మాట్లాడాం. రాగి సంగటి ఉండనీ, ముద్ద సైజు సగం. సంగటి పక్కన పప్పు, ఆకుకూర పెంచండి. రెండు పూటలా అన్నం ఒక పూటకు దించండి. రోజుకు నాలుగుసార్లు తాగే చక్కెర టీ ఆపండి. ఈ చివరిదానికే ఆమె ఎక్కువ బాధపడ్డారు. మందతో నడక ఎప్పుడో మానేశారు, మోకాళ్ళ వల్ల. పొద్దున పూట మంద ఊరి చివర దాటేదాకా తోడు వెళ్ళడం మళ్ళీ మొదలుపెట్టారు.

ఏడాదికి బరువు 65 కిలోలు, అంటే ఎనిమిది శాతం పైచిలుకు తగ్గారు. హెచ్‌బీఏ1సీ 7.0. హిమోగ్లోబిన్ 11.8. ఏఎస్‌టీ 34. ఫైబ్రోస్కాన్ 9.8 కిలోపాస్కల్. ఆ తగ్గుదలలో కొంత వాపు తగ్గినందువల్ల కావచ్చు, ఫైబ్రోసిస్ పోయిందని అప్పుడే అనను. అందుకే ఆరు నెలలకోసారి లివర్ స్కాన్ ఆపలేదు. ఆరు నెలల స్కాన్‌లో, ఏడాది స్కాన్‌లో సిస్ట్ గోడ ఎప్పటిలాగే ఉంది. మచ్చ 1.6, పాలిప్ 4 మి.మీ., మారలేదు.

ఈమెకు హైడాటిడ్ లేకపోయినా ఇంటికి ఆ ముప్పు ఉంది. పశువుల డాక్టర్‌ను అడిగి కుక్కలకు ప్రాజిక్వాంటెల్ వేయించమని, గొర్రెను కోసినప్పుడు నీటితిత్తులున్న లివరు, ఊపిరితిత్తులు కుక్కలకు అందకుండా లోతుగా పూడ్చమని లేదా కాల్చేయమని, కుక్కల్ని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోమని చెప్పాం. పశువుల డాక్టర్ ఇప్పుడు క్రమంగా వచ్చి మందు వేసి వెళ్తున్నారు. మందతోనే బతికే బావగారికీ ఒకసారి కడుపు స్కానింగ్ చేయించారు. ఆయన లివర్ శుభ్రంగా ఉంది.

ఇలాంటి ప్రతి పేషెంట్‌కూ నేను ఒక పేజీ తెలుగులో రాసిస్తాను. లేకపోతే వచ్చే ఏడాది ఇంకో ఊళ్ళో ఇంకో స్కాన్ తీసి, "లివర్‌లో గడ్డ" అని కథ మొదటికొస్తుంది. ఈమె పేజీలో ఇలా ఉంది:

లివర్ కుడివైపు సిస్ట్: సింపుల్, తొమ్మిదేళ్ళ పైబడినది, ఎమ్మారైలో నిర్ధారణ అయింది, హైడాటిడ్ పరీక్ష నెగెటివ్. సూది, ఆపరేషన్ అక్కర్లేదు. సెగ్మెంట్ 4 మచ్చ: హిమాంజియోమా, ఎమ్మారైలో నిర్ధారణ అయింది, బయాప్సీ వద్దు. కుడి కిడ్నీ సిస్ట్: సింపుల్. పాలిప్ 4 మి.మీ.: రెండేళ్ళ స్కాన్ బాకీ ఉంది. ఫ్యాటీ లివర్‌తో ఫైబ్రోసిస్: ఆరు నెలలకోసారి స్కాన్, ఏడాదికోసారి ఫైబ్రోస్కాన్, కొత్త మచ్చ ఏది కనపడినా కాంట్రాస్ట్ స్కాన్ చేయాలి. నొప్పి బిళ్ళలు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. కుడి డొక్కలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, చలిజ్వరం, కళ్ళు పచ్చబడటం, మలం తారులా నల్లగా రావడం, పొట్టలో నీరు చేరడం, వీటిలో ఏది కనపడినా ఆ రోజే ఆసుపత్రికి రావాలి. వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ, ట్రంకు పెట్టెలోనివి కూడా, తీసుకురావాలి.